పదకొండో వచనానికి ముందు

మా ఆయనకి డయాలసిస్ మొదలై ఇది ఐదో ఏడు. రోగం తగ్గిపోయిందని చెప్పడానికి రాయడం లేదు నేను. మన సంఘాల్లో సాక్ష్యం అంటే ఒక పద్ధతి పడిపోయింది: కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, కష్టం పోయింది, దేవునికి స్తోత్రం. అలాంటివి నేనూ మైకు పట్టుకుని చెప్పినదాన్నే. ఇది ఆ కొలతకి సరిపోదు. అందుకే ఇన్నాళ్లూ ఎక్కడా పూర్తిగా చెప్పలేదు.

ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ చప్పుడు చేయకుండా రెండు కిడ్నీలనీ తినేసింది. కాళ్లు వాస్తే ఎక్కువసేపు నిలబడ్డారు కదా అనుకున్నాం. ఆకలి లేదంటే వయసు అనుకున్నాం. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్ రిపోర్టు చూసిన డాక్టర్ కుర్చీలోంచి లేచి, వెళ్లి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. ఆ తలుపు వేయడంలోనే నాకు సగం అర్థమైపోయింది. నా కిడ్నీ ఇద్దామంటే నాకు షుగర్ ఉందని మొదటి పరీక్షల్లోనే పక్కన పెట్టేశారు. మిగతా బంధువుల సంగతి రాయను. ఎవరి భయం వాళ్లది.

అప్పటి నుంచి సోమ, బుధ, శుక్రవారాలు మావి కావు. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. చేతికి రెండు సూదులు; ఒకటి రక్తాన్ని బయటికి, మిషన్‌లోకి లాగుతుంది, రెండోది శుభ్రమైన రక్తాన్ని లోపలికి పంపుతుంది. ఎక్కే ముందు బరువు చూస్తారు, దిగాక మళ్లీ చూస్తారు. ఆ మధ్యలో తగ్గిన కిలోలు ఒళ్లు తగ్గడం కాదు, నీళ్లు. నీరు బయటికి పోయే దారి మూసుకుపోయిన మనిషికి తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే నిలవుంటుంది. మా ఆయనకి రోజుకి 1 లీటరు దాటకూడదన్నారు, ఏం తాగినా అందులోనే. మిషన్‌కి మాత్రం ఒక్కో మనిషికి ఒక్కో విడతలో సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. నాలుక పిడచకట్టుకుపోయి పడుకున్న మనిషి పక్కనే అన్ని నీళ్లు పారుతుంటాయి. మొదట్లో ఆ సంగతి తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శుక్రవారం అయ్యాక మళ్లీ సోమవారమే కాబట్టి ఆదివారం ఆరాధనకి బయల్దేరే వేళకి ఆయన ఒంట్లో రెండు రోజుల నీరు చేరి ఉండేది. ముఖం ఉబ్బి, చెప్పులు బిగుసుకుపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవారు. విశ్రాంతి దినం అంటూ పిల్లలకి పాఠాలు చెప్పిన నేను, ఆదివారం వస్తోందంటే భయపడటం నేర్చుకున్నాను.

పదకొండేళ్లు సండే స్కూల్ టీచర్‌గా చేశాను. స్త్రీల కూడికలో ప్రార్థన నడిపించేదాన్ని. వాక్యాలు నోటికి వచ్చు. డయాలసిస్ మొదలైన వారంలోనే బైబిల్లోని యిర్మీయా 29:11 నా ఫోన్‌కి పదిహేను ఇరవై సార్లు వచ్చి ఉంటుంది. మీ విషయంలో నా ఆలోచనలు మేలుకే గాని కీడుకి కావు అని దేవుడు చెప్పే మాట. పూల బొమ్మల మీద కొందరు, సూర్యోదయం బొమ్మల మీద కొందరు పంపారు. నేనూ ఒక కార్డు మీద రాసి అద్దానికి అంటించాను. ఆ వచనానికి నా అంతట నేను ఒక అర్థం పెట్టుకున్నాను: ఇది కొద్ది రోజులే. త్వరలో అయిపోతుంది.

ఐదో నెలలో జరిగిన సంగతి చెప్పకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు స్వస్థత కూడిక పెట్టాడు. మా ఆయన తల మీద చేయి వేసి, విడుదల అయిపోయింది, ఇక మిషన్‌తో పని లేదు అన్నాడు. చుట్టూ వందల మంది ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనే అన్నాను. ఇంటికొచ్చాక మా ఆయన నెమ్మదిగా, "సోమవారం వెళ్లి డాక్టర్‌ని ఒక్క మాట అడుగుదామా?" అన్నారు. "అడిగితే నమ్మనట్టే కదండీ" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. సోమవారం వెళ్లలేదు.

మంగళవారం రాత్రి ఆయన పడుకోలేకపోయారు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, నోటితో గాలి తీసుకుంటున్నారు. ఛాతీలోంచి బుడబుడమని చప్పుడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆసుపత్రికి చేరేసరికి గోళ్లు నీలంగా మారిపోయాయి. ఆక్సిజన్ పెట్టి, అర్ధరాత్రి దాటాక మిషన్ ఎక్కించారు. డ్యూటీ డాక్టర్ అడిగారు, సోమవారం ఎందుకు రాలేదని. నేను నోరు తెరవకముందే మా ఆయన మాస్క్ పక్కకి లాగి, "ఒంట్లో బాగోక రాలేకపోయానండీ" అన్నారు. అబద్ధం ఆడే మనిషి కాదు. నా కోసం ఆడారు.

ఆ రాత్రి తర్వాత నాకు ప్రార్థన పోయింది. కోపం వచ్చి మానేయడం వేరు. ఇది అలా కాదు. మోకరిస్తే మాట రాదు. వస్తే పాత అలవాటు మాటలే, ప్రేమగల తండ్రీ, పరిశుద్ధుడా అంటూ, మధ్యలోనే ఆగిపోయేవి. నన్ను మోసం చేసింది ఆ ప్రసంగీకుడు ఒక్కడేనా, నువ్వు కూడానా అన్న ప్రశ్న గొంతులో అడ్డంగా ఉండిపోయింది. దేవుణ్ణి అలా అడగడం పాపం అని నేనే కదా పిల్లలకి నేర్పింది. పాటల సమయంలో పెదాలు కదిపేదాన్ని. సండే స్కూల్ మానేశాను, టైం కుదరడం లేదని చెప్పి.

పరామర్శకి వచ్చినవాళ్లలో ఒకరిద్దరు, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకోండి అన్నారు. బైబిల్లో కష్టాల పాలైన యోబుని పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు కనీసం ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద నోరు మూసుకుని కూర్చున్నారు. వీళ్లు చెప్పులు విప్పేలోపే మొదలుపెట్టారు.

అసలు మార్పు ఎక్కడ మొదలైందంటే, మా ఆయనకి విసుగు పుట్టడం వల్ల. సూదులు ఉన్న చెయ్యి కదపకూడదు, పుస్తకం పట్టుకోవడం కష్టం, నాలుగు గంటలు పైకప్పు చూస్తూ ఉండాలి. "కీర్తనలు వరసగా చదివిపెట్టు, రోజుకి ఒక నాలుగు" అన్నారు. నాకు మనసు లేదు. అయినా ఆ మంగళవారం రాత్రి తర్వాత ఆయన ఏదడిగినా కాదనే ధైర్యం లేక చదివాను. వార్తలు చదివినట్టు చదివాను. 13వ కీర్తనలో మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ఎంతకాలం, ఎంతకాలం అని దావీదు అడుగుతాడు. అది కూడా పట్టించుకోకుండా దాటేశాను.

కొన్ని వారాలకి 88 వచ్చింది. అది నాకు ముందే తెలుసు. సండే స్కూల్లో ఎప్పుడూ చెప్పని కీర్తన అది. పేజీ తిప్పి 89 మొదలుపెట్టాను.

"ఒకటి వదిలేశావు" అన్నారు కళ్లు తెరవకుండానే.

"అది బాగోదండీ."

"చదువు."

చదివాను. 18 వచనాలు. దుఃఖంతో మొదలైన కీర్తనల్లో దాదాపు అన్నీ చివరికొచ్చేసరికి ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. నా మొర వినమంటుంది, నన్నెందుకు విడిచిపెట్టావు అంటుంది, నా వాళ్లని నాకు దూరం చేశావు అంటుంది, చీకటితో అయిపోతుంది. ఆఖరున ఒక్క హల్లెలూయా లేదు. అయినా దాని మొదటి మాటే, నన్ను రక్షించే దేవా అని. నమ్మకం పోయినవాడు అలా పిలవడు. నమ్మినవాడే ఇన్ని మాటలు అన్నాడు, వాటిని ఎవరూ కొట్టేయలేదు, ఆరాధనలో పాడుకునే పాటల మధ్యలోనే ఉంచారు.

మా ఆయన కాసేపు ఊరుకుని, "ఇతనెవరో మన వార్డులో కూర్చుని రాసినట్టుంది" అన్నారు.

ఆ రోజు బయట బెంచీ మీద కూర్చుని, ఎన్నో నెలల తర్వాత, నా సొంత మాటలతో ప్రార్థన చేశాను. ప్రార్థన అనొచ్చో లేదో. దెబ్బలాట అంటే సరిపోతుంది. ఆయన గోళ్లు నీలంగా మారినప్పుడు ఎక్కడున్నావని అడిగాను. నేను గట్టిగా ఆమెన్ అన్నప్పుడు నా నోరు ఎందుకు మూయించలేదని అడిగాను. జవాబేమీ రాలేదు. కానీ అడిగాక గొంతులో అడ్డం పోయింది. ఇంటికొచ్చి, ఆ రాత్రి నన్ను క్షమించమని మా ఆయనని అడిగాను. "అప్పుడే మర్చిపోయాను" అన్నారు. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు.

కీర్తనలు అయ్యాక ముందుకు సాగాం. ఆ వరసలోనే యిర్మీయా వచ్చాడు. నా అద్దం మీద ఉన్న వచనం వస్తోంది కదా అని కొంచెం జాగ్రత్తగా చదువుతున్నాను. 28వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను.

యెరూషలేము వాళ్లని బబులోనుకి చెరపట్టుకుపోయారు. హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారు, దేవుడు చెప్పాడు అన్నాడు. బబులోనుకి లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. జనానికి ఎంత బాగుండి ఉంటుంది! నేను అక్కడ ఉంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేదాన్ని. యిర్మీయా కూడా మొదట ఆమెన్ అనే అన్నాడు. అలాగే జరగాలి, దేవుడు నీ మాట నెరవేర్చాలి అన్నాడు. ఆ చోటు నాకు చాలా ఇష్టం. అతనికీ అదే కావాలి. ఆశపడినందుకు ఎవరినీ ఎగతాళి చేయలేదు. కానీ అది దేవుడి మాట కాదు.

తర్వాతి అధ్యాయమే 29. బబులోనులో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ అధ్యాయంలో 11వ వచనం కంటే ముందు పది వచనాలున్నాయి, నాకు ఎవరూ ఫోన్‌లో పంపనివి. అక్కడే ఇళ్లు కట్టుకోండి, కాపురం ఉండండి. తోటలు నాటుకోండి, వాటి ఫలాలు తినండి. పిల్లల పెళ్లిళ్లు చేయండి. మీరు చెరగా వెళ్లిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. పదో వచనంలో లెక్క కూడా ఉంది: 70 ఏళ్లు. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని చదివిన పెద్దవాళ్లలో చాలామంది అక్కడే చనిపోయి ఉంటారు. వాళ్లకి చెప్పిన మాట అది, మీ గురించి నా ఆలోచనలు మేలుకే అని.

ముందు ఒళ్లు మండింది. 70 ఏళ్లు చెరలో ఉంచి మేలు అంటావా? తర్వాత, ఎందుకో చెప్పలేను, భుజాలు కిందికి దిగాయి. ఏడాదిన్నరగా నేను ఆ వార్డులో రైల్వే ప్లాట్‌ఫాం మీద కూర్చున్నదానిలా ఉన్నాను. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఎవరితోనూ కలవకుండా. ఎందుకంటే మేం త్వరలో వెళ్లిపోయేవాళ్లం కదా! ఏడాదిన్నర వారానికి మూడుసార్లు చూస్తున్న పక్క బెడ్ ఆయన పేరు నాకు తెలియదు. సూదులు గుచ్చే టెక్నీషియన్ పేరు తెలియదు. ఇంట్లో ప్రతి పనీ "ఇది తగ్గాక" అనే కొక్కేనికి తగిలించి పెట్టాను. సండే స్కూల్, కుట్టు మిషన్, అమ్మాయి పెళ్లి మాటలు, చివరికి కుండీల్లో మొక్కలకి నీళ్లు పోయడం కూడా. దేవుడు నన్ను దేనికి పిలిచాడో అది ఈ కష్టం అవతల ఎక్కడో ఉందని, దీన్ని దాటుకుని అక్కడికి చేరాలని అనుకున్నాను. ఉత్తరంలో చెప్పింది వేరు. ఉన్నచోటే తోట వేయమంది.

అద్దం మీది కార్డు తీసేయలేదు. ఉత్తరం మొదలయ్యేది నాలుగో వచనంలో కాబట్టి, 11 అన్న అంకె ముందు 4 నుంచి అని పెన్నుతో రాసి చేర్చాను.

తోట వేయడం నా వరకు చిన్న పనులతో మొదలైంది. ముందు పేర్లు తెలుసుకున్నాను. ఒక పాత డైరీలో బెడ్ నంబర్ల వారీగా రాసుకుని రోజుకి ఇద్దరి కోసం ప్రార్థన. పట్టణం క్షేమం అన్నాడు కాబట్టి ఆ జాబితాలో టెక్నీషియన్లని చేర్చాను, నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటుని కూడా చేర్చాను. నవ్వకండి. అది ఒకరోజు మొరాయించింది, అన్ని కులాలవాళ్లం, మతాలవాళ్లం వరండాలో కూర్చుని ఒకే దాని కోసం ఎదురుచూశాం. దాని క్షేమంలోనే మా క్షేమం అని అంత స్పష్టంగా నాకు ఏ ప్రసంగంలోనూ అర్థం కాలేదు.

కొత్తగా వచ్చినవాళ్లకి బాటిల్ సంగతి చెప్పడం నా పని అయింది. పొద్దున్నే 1 లీటరు బాటిల్ నింపి పెట్టండి. రోజంతా ఆయన ఏది ఎంత తాగితే అంత నీళ్లు ఆ బాటిల్లోంచి తీసేయండి. బాటిల్ ఖాళీ అయితే ఆ రోజుకి కోటా అయిపోయినట్టు. మీకు ఎంతో డాక్టర్‌ని అడిగి ఆ కొలత పెట్టుకోండి. ఉప్పు తగ్గిస్తే దాహమే తగ్గుతుంది. ఇవి డాక్టర్లు కూడా చెప్తారు. కానీ మొదటి రోజు భయంలో ఎవరికీ చెవికెక్కదు, పక్కన కూర్చుని మళ్లీ చెప్పేవాళ్లు ఒకరు కావాలి.

ఒక శుక్రవారం ఒక చిన్న వయసు జంట వచ్చారు. ఆ అబ్బాయికి పట్టుమని ముప్పై ఏళ్లు లేవు. ఆ అమ్మాయి మెరిసే కళ్లతో, "అక్కా, సోమవారం నుంచి మేం రాం. మాకు విడుదల వచ్చిందని చెప్పారు" అంది. ఆ ముఖంలో నన్ను నేను చూసుకున్నాను. వద్దమ్మా అంటే వినదని నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఆమె చేయి పట్టుకుని ఆ మంగళవారం రాత్రి గురించి చెప్పాను. మంచం అంచు, ఛాతీలో బుడబుడ, నీలం గోళ్లు, నేను ఆపిన సోమవారం, మాస్క్ పక్కకి లాగి ఆయన ఆడిన అబద్ధం. పైకి ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. గాజు తలుపు అవతల మా ఆయన చూస్తూనే ఉన్నారు. "నమ్మడం మానేయమనడం లేదమ్మా. ప్రార్థన చేసుకో, సోమవారం కూడా రా. నిజంగా తగ్గి ఉంటే పరీక్షల్లో డాక్టర్లకే తెలుస్తుంది, వాళ్లే ఆపేస్తారు" అన్నాను.

ఆమెకి కోపం వచ్చింది. చేయి విడిపించుకుంది. ఆ శని, ఆదివారాలు నాకు కంటి మీద కునుకు లేదు. సోమవారం ఇద్దరూ వచ్చారు. ఆమె నాతో మాట్లాడలేదు, బుధవారం కూడా. శుక్రవారం వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని బాటిల్ గురించి అడిగింది.

మనం పొందిన ఆదరణతోనే ఇతరుల్ని ఆదరించగలం అని పౌలు కొరింథీయులకి రాసిన రెండో పత్రిక మొదట్లోనే ఉంది. ఆదరణ సంగతి సరే. నేను చేసిన తప్పు కూడా దేవుడి చేతిలో ఒక పనిముట్టు అవుతుందని మాత్రం నేను అనుకోలేదు. అలాగని ఆ తప్పు మంచిదైపోదు. ఆ రాత్రి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

సండే స్కూల్‌కి మళ్లీ వెళ్తున్నాను. ఇప్పుడు పిల్లలకి 88వ కీర్తన కూడా చెప్తాను. ఒకరిద్దరు తల్లులకి అది నచ్చలేదని తెలుసు.

పొద్దున లేవగానే నాకో పని ఉంది. మా ఆయన ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా ఉంది, ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోటు. అక్కడ వేలు పెడితే చర్మం కింద జుమ్మని అదురుతుంది, పిల్లి గురగురలాడినట్టు. అదురుతోందంటే రక్తం పారుతోందని. ఆగిపోతే వెంటనే పరిగెత్తాలి. రోజూ చూసుకోమని చెప్పారు. విలాపవాక్యములు మూడో అధ్యాయం నాకు అక్కడే గుర్తొస్తుంది. 66 వచనాల్లో మొదటి ఇరవై చదవడానికే భయం వేస్తుంది, దేవుడు రాళ్లతో నా పళ్లు నలగగొట్టాడు అనే దాకా వెళ్తాడు రాసినవాడు. తర్వాతే, ప్రతి ఉదయం దేవుడి వాత్సల్యం కొత్తగా పుడుతుంది అంటాడు. కొన్ని పొద్దుటలు ఆ మాట నా నోట్లోకి రాదు. వేలు మాత్రం పెడతాను. అదురుతుంది. లేచి బాటిల్ నింపుతాను.

పోయిన ఆదివారం ప్రభువు బల్ల ఉంది, యేసుని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ఆయన ఎప్పటిలాగే బరువుగా ఉన్నారు. 2 కిలోలకి పైనే చేరి ఉంటుందని చెప్పుల వార్లు చూసి నేను లెక్కేసుకుంటున్నాను. రొట్టె తీసుకున్నారు. చిన్న గిన్నె చేతిలోకి తీసుకుని నా చెవి దగ్గర, "ఇది లెక్కలోకి వస్తుందా?" అన్నారు.

"వస్తుంది" అన్నాను.

ఇంటికొచ్చాక బాటిల్లోంచి ఒక గుటక తీసి తులసి పక్కనున్న కుండీలో పోశాను.